ఎంకయ్య వాకిట్లో హద్దు

ఎంకయ్య నలభై అంగలు వేస్తే వంద అడుగులు. ఒకసారి నేను టేపు పెట్టి చూశాను. నాలుగు అంగుళాల తేడా వచ్చింది.

"మోకాలు నొస్తాంది బిడ్డా. లేకుంటె గా నాలుగు గూడ రాకపోవు" అన్నాడు.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. అందులో ముప్పై నాలుగేళ్లు సర్వేయర్ల వెంట భూములు కొలిచే ఇనుప గొలుసు లాగాడు. ఆ పనివాణ్ణి చైన్‌మన్ అంటారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా, ఇటు దూలపల్లి వైపు, ఇప్పుడు విల్లాలు లేచిన చేలల్లో ఏదో ఒక మూల ఆయన గొలుసు కొస పట్టుకుని నిలబడ్డవాడే. సర్వేయర్లు బదిలీ అయ్యారు, గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి యంత్రం వచ్చింది. ఎంకయ్య ఉద్యోగం మాత్రం చివరిదాకా పర్మనెంటు కాలేదు. పేరు రాయడం తప్ప చదువు రాదు. సర్వే నంబర్లు మాత్రం చుట్టాల పేర్లలా చెబుతాడు.

నేను ఆయన దగ్గరికి భయంతో వెళ్లాను. మాది తణుకు వైపు. యాప్రాల్‌లో అయిదేళ్లు అద్దెకుండి, రెండేళ్ల కిందట శామీర్‌పేట దారిలో ఈ ఇల్లు కొనుక్కున్నాం. మా అమ్మాయి హర్షితకు నాలుగేళ్లు. మొన్న ఒక సోమవారం పొద్దున పాపను బడికి తీసుకెళ్తుంటే మా ప్రహరీ మీద ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు, పక్కన ఒక నంబరు కనిపించాయి. పక్కనున్న సర్కారు భూమిని మళ్లీ కొలుస్తున్నారనీ, గురువారం సర్వేయరు వస్తాడనీ, గీత మా వరస ఇళ్ల మీదుగా పోవచ్చనీ రంగు వేసిన మనిషి చెప్పాడు.

"మాకు రిజిస్ట్రేషన్ ఉంది, పర్మిషన్ ఉంది" అన్నాను.

"అందరికుంటయి మేడం. కింద భూమి ఎవలదో గది సూడాలె" అని డబ్బా మూత పెట్టుకుని పోయాడు.

నేను ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. పరికరం పదిసార్లు ఒకే అంకె చూపించినంత మాత్రాన అది నిజమని మేము నమ్మం. దేనితో పోల్చి కొలుస్తున్నామో అది సరిగ్గా ఉండాలి. సర్వే యంత్రం సెంటీమీటరు తప్పకుండా కొలుస్తుందట. సరే, ఎక్కడి నుంచి? రోడ్డు పక్క నిలబెట్టి ఉన్న హద్దు రాయి నుంచి. ఆ రాయిని పాతిన మనిషి పక్క బస్తీలోనే ఉన్నాడని మా కాలనీ సంఘం అధ్యక్షుడు చక్రపాణిగారు చెప్పారు. అలా ఎంకయ్యను ఆ సాయంత్రమే రాయి దగ్గరికి పిలుచుకొచ్చాం.

ఆయన రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది నా రాయే. దీని జాగ ఇది గాదు. రోడ్డేసేటప్పుడు జేసీబీ తల్గి పడ్డది. డ్రైవర్ మస్తు మంచోడు, మల్ల లేపి నిలవెట్టిండు. ఆనికి యాడ మెత్తగుంటె ఆడ."

"అసలు చోటు తెలిసేదెలా అండీ?" అన్నాను.

"రాయి పాతే ముందల గుంతల రెండు దోసిళ్ల బొగ్గు, కుండ పెంకులు ఏస్తం. మా పెద్దోళ్ల కాంచి గదే పద్ధతి. రాయి జరిగినా బొగ్గు ఆడనే ఉంటది."

బొగ్గు కుళ్లదు, చెదలు తినవు, నీళ్లలో కరగదు. ఆ నిమిషంలో నాకు దస్తావేజుల కంటే దాని మీదే నమ్మకం కలిగింది. "అయితే ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆయన హర్షిత వైపు చూసి, "మబ్బు వట్టింది, పిల్ల తడుస్తది. ఇంటికి వోండ్రి" అన్నాడు.

మర్నాడు బడి నుంచి పాపను తీసుకుని నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను. రేకుల ఇల్లు, రెండు గదులు. వాకిట్లో ఆయన భార్య ఈదమ్మ ఒక బండ మీద చెరువు చేపలు తోముతోంది. ఆమె నన్ను చూడగానే భర్త వైపు తిరిగింది.

"చెప్పినవా లేదా? నువ్వు చెప్పకుంటె నేనే చెప్త. గా బొగ్గు గీడనే ఉంది బిడ్డా, నేను చేపలు కడిగే బండ కింద."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఈ బస్తీలో పన్నెండు కుటుంబాలకు సర్కారు ఇళ్ల పట్టాలిచ్చింది. ప్లాట్లు కొలిచినప్పుడు గొలుసు పట్టింది ఎంకయ్యే. చివరి ప్లాటు మొత్తం రాతిగుండు. అది నర్సమ్మ అనే ఒంటరి మనిషికి వచ్చింది. ఎంకయ్య తన చదును ప్లాటు ఆమెకిచ్చి, గుండు తను తీసుకున్నాడు. కాగితాలు మార్చుకున్నారు, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. గుండు మీద ఇల్లు లేవదు గనక దాని ముందుకు జరిగి కట్టాడు. ఆ ముందు భాగం పట్టా ఇళ్లకూ హద్దుకూ మధ్య దారి కోసం వదిలిన సర్కారు జాగా.

"ఊరందరికి హద్దులు జూపెట్టెటోడు ఇంటికాడ కండ్లు మూస్కుండు" అంది ఈదమ్మ.

"నువ్వే గదనే, బండ మీద పొయ్యెట్ల వెట్టాలె అని లొల్లి వెట్టినవు."

"నేను లొల్లి వెడితే నువ్వు ఇననీకె ఎప్పటిసంది నేర్చినవ్?"

ఎంకయ్య నవ్వాడు. తర్వాత నాతో, "దెల్సే కట్టిన బిడ్డా. గప్పుడీ దారిల గొర్లు తప్ప ఎవలు వోతుండె?" అన్నాడు.

అప్పుడు లెక్క తెలిసింది. రోడ్డు పక్క రాయి నుంచి కొలిస్తే ఆయన ఇల్లు దారి దాటి పట్టాల వరసలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, మా ఇల్లు సర్కారు భూమిలోకి పోతుంది. బొగ్గు నుంచి కొలిస్తే మేం బయటపడతాం, ఆయన దారిలో పడతాడు.

చెప్పొద్దులెండి అని నేను అనాల్సింది. నా నోట వచ్చిన మాట, "గురువారం పదింటికి వస్తారట."

ఆయన తల ఊపాడు.

గురువారం సర్వేయరు రాఘవేందర్ యంత్రాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టి, రోడ్డు పక్క రాయి మీదికి సరిచేసుకుంటున్నాడు. పది దాటింది. "మీ పెద్దాయన రాలేదేంటమ్మా?" అన్నారు చక్రపాణిగారు. రాకపోతే బావుండునని ఒకసారి, రావాలని పదిసార్లు అనుకున్నాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన గడ్డపారతో వచ్చాడు.

"సార్, గీడ మిషన్ వెట్టకున్రి. జాగ ఇది గాదు."

"నువ్వెవరివయ్యా?"

"గా రాయి పాతినోన్ని."

మోకాలు పట్టుకుని, అంగలు లెక్కపెడుతూ తన వాకిలి దాకా నడిచాడు. అందరం వెంట నడిచాం. ఈదమ్మ బండ మీదే కూర్చుని ఉంది.

"లేవకుంటె ఏం జేస్తవ్? నన్ను గూడ కొలుస్తవా?" అంది. ఆయన భుజం మీది గడ్డపార దించాడు. ఆమే లేచి, కొంగు దులుపుకుని పక్కకు జరిగింది.

బండ తీసి రెండడుగులు తవ్వేసరికి మట్టి నల్లబడింది. బొగ్గు ముక్కలు, కుండ పెంకు బయటికొచ్చాయి. రాఘవేందర్ పాత పటంతో సరిచూసి, యంత్రం అక్కడికి మార్చి కొలిచాడు. మా ప్రహరీ గీతకు పదకొండు అడుగులు బయట ఉంది. సోమవారం తర్వాత మొదటిసారి నాకు పూర్తిగా ఊపిరి అందింది.

అది అందుతుండగానే రాఘవేందర్ అడిగాడు.

"ఈ ఇల్లు ఎవరిది?"

"నాదే సార్."

ఎంకయ్య ఇచ్చిన పట్టా చూసి, "ఇది ఆ గుండు మీది ప్లాటు కదా" అన్నాడు.

"అవు సార్."

పంచనామా రాశాడు. కొలతకు సాక్షులుగా చుట్టుపక్కలవాళ్లు సంతకాలు పెట్టాలి. కాగితం నా చేతికొచ్చింది. మా వరస ఇళ్లు ప్రైవేటు భూమిలో ఉన్నాయన్న వాక్యం కిందే, 'ప్రభుత్వ దారి స్థలంలో ఒక రేకుల ఇల్లు ఆక్రమణగా గుర్తించడమైనది' అని ఉంది.

"పెట్టేయండమ్మా, మన పని అయిపోయింది" అన్నారు చక్రపాణిగారు.

"వీళ్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారో కూడా రాయండి" అన్నాను. ఇంటిని క్రమబద్ధం చేయమని అడగాలంటే ఆ రుజువు కావాలని చదివాను.

"అది సర్వే పని కాదు మేడం."

"రాయకపోతే నేను సంతకం పెట్టను." ఆ కాగితం ఆగిపోతే ముందు నష్టపోయేది నేనే.

రాఘవేందర్ నిట్టూర్చి కలం తీశాడు. "ఎన్నేళ్లు?"

"ముప్పై" అన్నాను.

"ఇరవై మూడు సార్" అన్నాడు ఎంకయ్య.

ఈదమ్మ నుదురు కొట్టుకుంది. "ఆ పిల్ల నీ కోసమే చెప్తాంది గదా! జర ఊకుంటె నీ సొమ్మేం బోతది?"

"కరెంటు మీటరు మీద తారీకు ఉండదానె? గిదొక్కటి తప్పయితె మొత్తం కాగితమే తప్పంటరు."

ఇరవై మూడు అని రాశాక సంతకం పెట్టాను.

ఇప్పుడు ఆదివారాలు నేను వాళ్ల దరఖాస్తు నింపుతున్నాను. దారి స్థలానికి పట్టా ఇస్తారో ఇవ్వరో ఎవరూ చెప్పడం లేదు. నిన్న ఒక గడి దగ్గర ఆగి, "స్థలం ఎవరిదని రాయను?" అని అడిగాను.

"సర్కారుది" అన్నాడు.

"ఇల్లు?"

"నాది."

రెండూ ఆయన చెప్పినట్టే రాశాను. కొలిచిన పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వస్తుందన్నారు. ఈ రోజుకు పదకొండు.