మాణిక్యాంబ మెడముక్కల బొంత

మాణిక్యాంబకి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు. మెడలు గుర్తుండేవి.

రోజూ పొద్దున్నే బరంపురం బడా బజార్‌లో దర్జీ సూరన్న దుకాణం తలుపు తీయకముందే అరుగు మీద కూర్చుని ఉండేది. నెత్తిన తెల్లచీర ముసుగు, చేతిలో గుడ్డసంచి. చొక్కాకి మెడ కత్తిరించినప్పుడు నెలవంకలాంటి ముక్క ఒకటి రాలుతుంది కదా, అది నేలని తాకకూడదు. ఆవిడ చేతిలోనే పడాలి.

"మెడముక్క ఏదిరా?"

"అమ్మగోరూ, ఇంకా కత్తెరే పట్టనేదు. కొలతలిచ్చినాయన ఈది మలుపైనా దాటనేదు."

"అయితే కూకుంటాను."

విధవ ఎదురైతే బోణీ చెడుతుందని సూరన్న మొదట్లో హడలిపోయాడు. ఆరేళ్లు గడిచాక, ఆవిడ రాని రోజున కత్తెర వంకర పోతోందని చెప్పుకున్నాడు.

ఆ ముక్కలన్నిటితో ఆవిడ బొంత కుట్టేది. చదరపు ముక్కలిస్తే ముట్టుకునేది కాదు. "తిన్నగా ఎవలైనా కుడతారు. ఒంపుకి ఒంపు కలిపితే గదా కుట్టు!" ఒకటి బయటికి ఉబ్బుతుంటే రెండోది లోపలికి లాగుతుంది, అంగుళానికో టాకా వేసి రెండిటినీ బుజ్జగించాలి. ఇంతా చేస్తే ఆ బొంత పరిచినప్పుడు నూనెలో వేసిన అప్పడంలా లేచేది. పదకొండేళ్లయినా పూర్తి కాలేదు. వానాకాలం చలికి పళ్లు టకటకలాడినా ఆవిడ దాన్ని కప్పుకోలేదు.

"మరెందుకత్తా?" అని అడిగింది మేనకోడలు రాజ్యం. సూదిలోకి దారం ఎక్కించడం ఆ పిల్ల పని. నలుగురిలో నోరెత్తే అలవాటు లేదు.

"మడిసి ఎల్లిపోతాడు. మెడముక్క ఉండిపోతాది," అంది అత్త. అది జవాబో కాదో రాజ్యానికి తెలియలేదు.

ఒకసారి సూరన్న విసిగిపోయి, దొరికిన ముక్క ఆవిడ చేతిలో పెట్టి, దిగపహండి మునసబుగారిదని చెప్పాడు. మాణిక్యాంబ దాన్ని రెండు వేళ్లతో కొలిచింది. "మునసబు మెడ గుమ్మడికాయంత ఉంటాదిరా. ఇది మీ బావమరిది పైడన్నది. మొన్న జాతరకి కుట్టించుకున్నాడు." లోపల కాజాలు కుడుతున్న పైడన్న భయపడి మెడ తడుముకున్నాడు. అప్పటినుంచి బడా బజార్‌లో ఒక మాట పుట్టింది: కోర్టు పొరపడొచ్చు గాని, మెడ దగ్గర మాణిక్యాంబ పొరపడదు.

ఆ శ్రావణం తొమ్మిది రోజులు ముసురు విడవలేదు. పక్కవీధి కిరాణా వర్తకుడు భీమేశ్వరరావు తమ్ముడు శ్యామసుందర్ రెండేళ్ల కింద గోపాలపురంలో ఓడెక్కి రంగూను వెళ్లాడు. ఎనిమిది నెలలుగా జాబు లేదు. ఆ ముసురులో, ఓడ దిగినవాడొకడు ఒక మూట తెచ్చాడు. జ్వరాల ఆస్పత్రిలో పోయిన తెలుగువాడిదట. బరంపురం మనిషని చెప్పారట, పేరు తెలియదట. మూటలో నీలం చారల చొక్కా ఒక్కటే ఉంది.

భీమేశ్వరరావు దాన్ని చూసి కూలబడిపోయాడు. "మా తమ్ముడిదే. ఈ చారలు నేనెరగనా?" పెద్దలు తలలూపారు. మంగలికి కబురెళ్లింది. శ్యామసుందర్ భార్య పుణ్యవతికి పంతొమ్మిదేళ్లు. గాజులు చప్పుడు కాకుండా చేతులు కొంగులో దాచుకుని మూల కూర్చుంది. ఇంకాసేపట్లో ఆ గాజులూ ఉండవు, ఆ జడా ఉండదు.

అప్పుడు బొంత భుజాన వేసుకుని మాణిక్యాంబ వచ్చింది. వెనక తడిసి ముద్దయిన రాజ్యం.

"చారలు సూసి తేల్చీసారేటి? బజార్లో సగం మందికి అవే చారలు. మెడ సూడాల."

ఎవరూ నవ్వలేదు. వద్దనే ధైర్యమూ ఎవరికీ లేదు. గుమ్మంలో మంగలి పొది ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు.

ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుని చొక్కా మెడపట్టీ కుట్లు విప్పింది. బొంతలోంచి శ్యామసుందర్ చొక్కాది, నీలం చారల నెలవంకని ఊడదీసింది. రాజ్యం దీపం దగ్గరగా పట్టుకుంది. అత్త ఆ ముక్కని చొక్కా మెడలో ఆనించింది. ఒంపులో ఒంపు కూర్చుంది. ముక్కలోని ప్రతి చారా నూలుపోగంత కూడా తప్పకుండా చొక్కాలోకి దిగిపోయింది.

"కాదు," అంది అత్త. "ఇది మన శ్యామసుందర్ మెడ కాదు."

భీమేశ్వరరావు లేచాడు. "నన్నోపాలి సూడనీండి, అమ్మగోరూ."

"మెడల సంగతి నీకేటి తెలుసు? చింతపండు సంగతయితే నిన్నే అడుగుతాను. రాజ్యం, నువ్వు సూసావు కదే? సెప్పు."

అన్ని మొహాలూ రాజ్యం వైపు తిరిగాయి.

"రెండు వేళ్ల వెడల్పు తేడా ఉంది," అంది రాజ్యం. నోరు తెరుచుకున్నాక ఆగలేదు. "చారలూ వేరే. గుడ్డా వేరే. అసలది నీలమే కా..."

అత్త తొడపాశం పెట్టింది.

"కోర్టు పొరపడొచ్చు గాని..." అన్నారెవరో. భీమేశ్వరరావు ఈసారి బావురుమని ఏడ్చాడు, తమ్ముడు బతికున్నాడని. మంగలికి అరటిపళ్లిచ్చి పంపేశారు.

ఇంటిదారిలో అత్త ఆ ముక్కని కాలవలో పడేసింది. మెడముక్కని నేల తాకనివ్వని మనిషి.

"అత్తా, కలిసింది కదా?"

"కలిసింది."

"మరి?"

"నాకు గాజులు గొడుగు సూసి తీసారే. రంగూను నుంచే వచ్చింది. మీ మావయ్యదే అన్నారు. నల్లగొడుగు. బరంపురంలో నల్లది కాని గొడుగు ఒకటి సూపించు." వానలో నాలుగడుగులు వేసింది. "ఆ చొక్కా తిరిగొచ్చింది, నిజమే. మడిసి సంగతి చొక్కాకేటి తెలుస్తాది?"

ఆ తర్వాత బడా బజార్‌లో మెడముక్కల కోసం ఆవిడ అడగాల్సిన పని లేకపోయింది. ఎండుచేపల బేరానికి దగ్గర్లోని చమఖండి దాకా వెళ్లేవాడు కూడా, ఎందుకైనా మంచిదని ఒక ముక్క ఇచ్చి వెళ్లేవాడు. భీమేశ్వరరావు అయితే ఇంటిల్లిపాది మెడలూ కట్ట కట్టి తెచ్చాడు.

ఏడేళ్లయింది. రంగూను నుంచి జాబు రాలేదు. బొంత మధ్యలో నెలవంకంత కన్నం అలాగే ఉంది. ఎవరైనా అడిగితే, "గాలి ఆడద్దేటి?" అంటుంది మాణిక్యాంబ. ఇప్పుడు ఆవిడకి చూపు ఆనదు. రాజ్యం పెళ్లయి వెళ్లాక, సాయంత్రాలు పుణ్యవతి వచ్చి సూదిలోకి దారం ఎక్కిస్తుంది. ఒకరోజు కన్నం అంచుని వేలితో తడిమి, "ఆ మూటలోని చొక్కా గుడ్డ నేనే ఎంచానత్తా," అంది. మాణిక్యాంబ సూది ఆగింది. మళ్లీ కదిలింది.

"మాటలు సాలు గాని, నీ కొత్త రవిక మెడముక్క ఏదే?"

పుణ్యవతి ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పుతోంది. చేతికి అరడజను మట్టిగాజులు వేసుకుంటుంది.