ఎర్తు గుంతకు ఒక బిందె

నగరిలో సుబ్బులమ్మ ఇంటి వెనక, మరమగ్గాల షెడ్డు గోడవారగా ఒక గుంత ఉండేది. మగ్గాల ఎర్తు తీగ అందులోని ఇనప పైపుకు దిగుతుంది. భర్త తిరుమలయ్య బతికున్న రోజుల్లో దాన్ని తవ్వి, ఉప్పూ బొగ్గూ నింపి, "దీన్ని ఎండనీయొద్దు. తడి ఉంటేనే కరెంటు మనుషుల్ని వదిలి మట్టిలోకి పోతాది" అని చెప్పాడు. ఆ మాట ఆమెకు వ్రతమైంది. తెల్లారి స్నానం కాగానే తులసమ్మకు ఒక చెంబు, గుంతకు ఒక బిందె.

కిందటి చలికాలంలో ఆ తడిలోనే కాలుజారి పడింది. కొడుకు సుందరరాజు తల్లడిల్లి పెరడంతా సిమెంటు వేయించాడు. దాని కింద గుంత కూడా మూసుకుపోయింది.

"నాయనా, ఆ గుంత..." అంది సుబ్బులమ్మ.

"ఇంక నీకెందుకమ్మా ఆ చాకిరీ? తీగ ఉండాది గదా."

ప్రేమతో చేసిన పనికి వంక పెట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కోడలు హేమశ్రీ చెయ్యి విదిలించుకుంటూ వచ్చింది. "అత్తా, మగ్గం ముట్టుకుంటే జివ్వుమంటాంది."

"నేను పని చెప్పినా నీకు జివ్వుమంటాది" అని నవ్వాడు సుందరరాజు. తీగ పొడవునా చూశాడు. ఎక్కడా తెగలేదు. మగ్గం మళ్లీ నడిచింది.

సుబ్బులమ్మకు అన్నం సహించలేదు. చెమటకు తడిసిన కోడలి చేతులనే చూస్తూ కూర్చుంది. చివరికి కట్టె ఊతంతో లేచి, షెడ్డులోకి పోయి మెయిన్ స్విచ్ దించేసింది.

"ఏందమ్మా ఇది? సాయంత్రానికి సరుకు ఇయ్యల్ల."

"ఏబెల్ వచ్చి సూసేదాకా నా కోడలు దాన్ని ముట్టదు."

కరెంటు పని చేసే ఏబెల్ కబురు అందగానే తింటున్న కంచం పక్కన పెట్టి వచ్చాడు. మోటారు పరీక్షించి తల ఆడించాడు. "లోపల కరెంటు కారతా ఉండాదప్పా. ఎర్తు దాన్ని లాక్కుపోవల్ల. గుంత యాడ?"

సుబ్బులమ్మ కట్టెతో సిమెంటు మీద తట్టింది.

పగలగొడితే మట్టి బూడిదలా రాలింది. తీగ బిగించిన బోల్టు తుప్పుపట్టి వేలితో కదిలిస్తే కదిలింది. ఏబెల్ బోల్టు మార్చి, గుంత నింపి, బాగుచేయించడానికి మోటారు విప్పి పట్టుకుపోయాడు.

సుబ్బులమ్మ బిందె ఎత్తబోతే కొడుకు అందుకున్నాడు. ఒకటి పోశాడు, ఇంకొకటి పోశాడు. మట్టి తాగుతూనే ఉంది.

హేమశ్రీ గడప మీద కూర్చుని అరచెయ్యి రుద్దుకుంటోంది. సుబ్బులమ్మ పక్కన చేరి ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఏడుకొండలవాడికి దండం పెట్టుకోవడానికైనా దాన్ని వదలలేదు.