పిడికిలెత్తు గడ్డి

యాప్రాల్‌లో మాకు పాలు పోసే ఆయన ఖాళీ స్థలం ఒకటి కౌలుకు తీసుకుని, తాళ్లు కట్టి పన్నెండు ముక్కలు చేశాడు. రోజుకో ముక్కలో బర్రెలను మేపేవాడు. తోలే ముందు గడ్డి పక్కన పిడికిలి నిలబెట్టి కొలిచేవాడు. మా పాలు ఆలస్యమైనా సరే, ఆ కొలత తప్పేది కాదు.

"గంతకన్న పొట్టిగున్నప్పుడు మేస్తే మల్ల లేవదు సార్. వేరు సుత పోతది," అనేవాడు.

స్థలం యజమాని దాన్ని అపార్ట్‌మెంట్లకు ఇచ్చేశాడు. చివరి సాయంత్రం నేను వెళ్లేసరికి పాలాయన వంగి, గడ్డిలో పిడికిలి పెట్టి చూస్తున్నాడు. బర్రెలు తాడు మీదుగా మెడలు చాచాయి.

"రేపు పొద్దున జేసీబీ వస్తుంది కదా, మేయనివ్వరాదా?" అన్నాను.

"తెల్సు సార్," అని లేచి, చేతి మట్టి దులుపుకుని, బర్రెలను వరిగడ్డి వేసిన షెడ్డు వైపు మళ్లించాడు. "గడ్డి ఇంకా పిడికిలెత్తు రాలే."