నల్లగుడ్డ మీద పిడికెడు పత్తి

మా మిల్లులో కట్టిన దూది బేళ్లు గూడ్సు బండెక్కి పోవడమే గాని వెనక్కి రావడం నేను అంతకు ముందు చూడలేదు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఒక మాఘమాసపు పొద్దున, అవి తిరిగి వచ్చాయి. ఆదోని స్టేషను నుంచి ఎద్దుల బండ్ల మీద తెచ్చి మిల్లు ముంగిట్లో దించారు.

నేను ఆ మిల్లులో ఆడవాళ్ల మేస్త్రీని. మేస్త్రీనై రెండు నెలలే అయింది. రైతులు తెచ్చిన గింజపత్తిని, గింజను వేరు చేసే జిన్ను మిషన్లకు వేసే ముందు చెత్త ఏరడం మా పని. నలభై మందిమి, ఆరేడుగురు ఒక వరుసగా రేకుల షెడ్డులో కూర్చుని ఏరేవాళ్లం. ఆకు, పుల్ల, గుడ్డికాయ, పచ్చబారిన పత్తి, ఏది కనబడితే అది తీసి పక్కన పడేసేవాళ్లం. క్రైస్తవ మిషనరీల బడిలో అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి హాజరు రాస్తానని నన్ను మేస్త్రీని చేశారు. అంతకు మించి నాకేం తెలుసని ఎవరూ అడగలేదు.

మేనేజరు ఒక బేలు కోసి, లోపలి నుంచి దూది పెరికి మా ముందు చాపాడు. తెల్లటి దూదిలో గోనె పోగులు, ఎవరిదో తలవెంట్రుక, నలిగిన ఆకు.

"కండ్లు యాడ పెట్టుకోని ఏరుతాండారు మీరు? కొన్నోళ్లు మొగాన కొట్టినట్ల వాపసు పంపినారు. ఇంగ మీద ఒక్క పోగు కనపడినా ఈ మేస్త్రమ్మదే జవాబు," అన్నాడు.

నలభై మందిలో నా తల ఒక్కటే వంగింది. ఆ వంగడం నాకు నచ్చలేదు. ఇది మళ్లీ జరగనివ్వకూడదని అక్కడే అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియదు.

మొదట నాకు తెలిసిన దారే పట్టాను, అరవడం. వారం రోజులు వరుసల మధ్య తిరుగుతూ గొంతు చించుకున్నాను. ఆ వారం పత్తి బాగానే వచ్చింది. రెండో వారం నా గొంతు బొంగురుపోయింది, వాళ్ల చేతులు మళ్లీ పాత దారిన పడ్డాయి. నేను అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు. నేను నిలబడి ఉన్నంతసేపే బాగుండే పని బాగున్నట్టు కాదని నాకే అనిపించింది.

ఆ ఆదివారం ఎమ్మిగనూరులో మా పుట్టింటికి పోయాను. మా అమ్మ మగ్గాల ఇళ్లకు కండెలు చుట్టేది. ఆమె చుట్టిన కండెలు ఇవ్వడానికి వెంట పోతే, అక్కడ మగ్గం గుంటలో కూర్చున్న ముసలి నేతగాడు మొహం ముడుచుకుని ఉన్నాడు. వరసకు మాకు మామ కాదు గాని చిన్నప్పటి నుంచీ మామా అనే పిలిచేదాన్ని.

"ఏం మామా, అట్ల ఉండావు?"

"ఇది సూడు పాపా." రంగు వేసిన చీర మడత విప్పి చూపించాడు. ముదురు ఎరుపు మీద అక్కడక్కడ గీరుకుపోయినట్టు మట్టిరంగు చారలు. "నూలులోనే గోనె పీచు కలిసి వచ్చింది. దానికి రంగు పట్టదు. నేను ఏం జేసేది? నా సెయ్యి తప్పు కాకపోయినా, సూసేవాళ్లకు నా సెయ్యే కనపడతాది."

నేను ఏం పని చేస్తున్నానో ఆయనకు తెలియదు. పాడైపోయిన ఆ అంచును కోసి పక్కన పెడితే, జానెడు ముక్క అడిగి తెచ్చుకున్నాను. ఆదోని బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలితో ఆ చారలను తడుముతూ కూర్చున్నాను.

మర్నాడు పని మొదలు కాక ముందు అందరినీ దగ్గరికి పిలిచి ఆ ముక్కను చేతి నుంచి చేతికి ఇచ్చాను. అరవలేదు. "మనం వదిలేసిన పోగు ఇట్ల తేలుతాది," అన్నాను, అంతే.

మాలో అందరికంటే పెద్దది ఒక అవ్వ ఉండేది. ఆ ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "నా పెండ్లి కాకముందు నుంచి పత్తి ఏరుతాండా. ఇది పోయి పోయి యాడ తేలుతాదో ఇన్నేండ్లలో ఒక్కరూ సూపీలేదు మే," అంది.

"మా మేనత్త కూడా నేతోళ్ల ఇంట్లోనే పని సేస్తాది," అని ఇంకెవరో అన్నారు. ఆ మాటా ఈ మాటా కలిసి, ఆ రోజు పని కొంచెం ఆలస్యంగా మొదలైంది. మేనేజరు కిటికీలోంచి చూసి దగ్గాడు. నేను కదలలేదు.

ఆ రోజే వరుసకొక ఈతబుట్ట పెట్టాను. ఏరిన చెత్తను నేల మీద పారేయకుండా బుట్టలో వేయాలి. సాయంత్రం అన్నీ ఒకచోట గుమ్మరించి, ఏది ఎక్కువ వచ్చిందో చూడాలి. మూడు రోజులు చూశాం. ఆకూ పుల్లా కంటే గోనె పీచే ఎక్కువ. చేలో గోనె పండదు కదా, ఇది ఎక్కడి నుంచి వస్తోంది?

"బోరాలు కోసేకాడ సూడు," అంది అవ్వ.

పత్తి వచ్చే గోనె బోరాలను విప్పేది ఒక హమాలి. కొడవలితో బోరెం మూతిని సర్రున కోసి గుమ్మరించేవాడు. కోసిన ప్రతిచోటా తెగిన గోనె పోగులు పత్తిలోకి రాలుతున్నాయి. మేం పొద్దంతా ఏరుతున్నది అతను క్షణంలో పోస్తున్నదే.

"అన్నా, కుట్టు విప్పి తీయకూడదా?" అని అడిగాను.

"నీకేం తల్లీ, కూచోని సెప్తావు. బండ్లు బారుగా నిలబడుండాయి. ఒక్కొక్క కుట్టూ విప్పుకుంటా కూచుంటే రైతులు నన్ను తిడతారు."

అతను చెప్పింది అబద్ధం కాదు. నేను కొంగు బిగించి అతని పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం బోరాలు విప్పాం. మొదట నా గోళ్లు విరిగాయి. చివరికి, బోరెం రెండు చెవుల దగ్గరి ముడులను మాత్రం కోసి పురికొసను ఒక పక్క నుంచి లాగితే, అది తెగకుండా చివరిదాకా జారి వస్తుందని అతనే కనిపెట్టాడు. కొడవలితో కోసినంత తొందరగానే అయింది. పైగా పురికొస ముక్కలు కాకుండా చేతికి వచ్చింది. "ఇది నేను ఇంటికి తీసుకపోతా, మంచం అల్లుకుంటా," అన్నాడు. మేనేజరును అడిగి సరేననిపించాను. ఆ తర్వాత అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

బుట్టల్లో గోనె పీచు తగ్గింది. అప్పుడు మేనేజరుకు మా బుట్టల మీద మక్కువ కలిగింది.

ఒకరోజు షెడ్డు గోడకు నల్లబల్ల వేలాడదీశాడు. ఏ వరుస బుట్ట నిండుగా ఉంటే ఆ వరుస బాగా పని చేసినట్టు, బల్ల మీద మొదట ఉంటుంది. బుట్ట వెలితిగా ఉన్న వరుస కిందికి పోతుంది. "ఎవురు ఒళ్లొంచుతాండారో, ఎవురు ముచ్చట్లు పెట్టుకుంటాండారో ఇంగ దాగదు," అన్నాడు. నాకేదో తేడాగా తోచింది గాని, ఆ బుట్టలు పెట్టింది నేనే కావడంతో కొంచెం గర్వంగా కూడా ఉండి, ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు.

నాలుగో రోజున బల్ల మీద చివర ఉన్న వరుసలో ఇద్దరిని మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఒకామె మాధవరం నుంచి వచ్చి చెల్లెలి ఇంట్లో ఉంటూ పని చేసుకునేది. చద్దిమూట తీసుకుని పోయింది.

ఆ మర్నాటి నుంచి అన్ని బుట్టలూ నిండసాగాయి. ఒక సాయంత్రం నల్లబల్ల మీద మొదట ఉన్న వరుస బుట్టను గుమ్మరిస్తే నా చేతికి వేపాకు తగిలింది. ఒకటి కాదు, గుప్పెడు. పత్తిచేలో వేపాకు ఎందుకుంటుంది? వేపచెట్టు ఉన్నది మా మిల్లు గేటు దగ్గర.

"ఎవురు వేసినారు?" అన్నాను. అందరూ అవ్వ వైపు చూశారు. చివరికి అవ్వ లేచింది.

"నేనే వేసినా. అందరమూ వేసినాము. ఆ బల్ల మీద కిందికి పోతే రేపు ఇంటికాడ కూసోవల్ల. ఏరేదానికంటే బయట ఆకు ఏరుకోని వచ్చేది సులువాయె. నువ్వు మమ్మల్ని తిడతావా, తిట్టు."

తిట్టలేకపోయాను. ఆ రాత్రంతా కాదు గాని, ఇంటికి పోయే దారి పొడుగునా నా మీద నాకే కోపం. పొద్దున్నే ఆ వేపాకులను కొంగులో పోసుకుని పోయి మేనేజరు టేబులు మీద పెట్టాను.

"ఏంది ఇది?"

"మీ మొదటి వరుస బుట్టలో వచ్చింది సారూ."

ఆయనకు అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. "దొంగ ముండలు! అందరినీ మానిపిస్తా. బుట్టలు పెట్టింది నువ్వే గదా, ఇప్పుడు నా కాడికి వస్తివే!"

"నేనే పెట్టినా. చెత్త యాడి నుంచి వస్తాందో తెలుసుకునేదానికి పెట్టినా. మనుషులను ఇంటికి పంపేదానికి కాదు." కొంగు విదిలించి మిగిలిన ఆకులనూ రాల్చాను. "ఒక్క పని సేయండి సారూ. బుట్టను గాదు, ఏరినాక మిగిలిన పత్తిని సూడల్ల; వరుసకొక పిడికెడు తెప్పిస్తా. మీరే విడదీసి సూడండి. నా మాట తప్పు అని తేలితే నేనే పోతా."

ఆయన ఆకులను పక్కకు నెట్టి, తెమ్మన్నాడు. అవ్వ దగ్గరి నల్ల ముతక గుడ్డను అడిగి తెచ్చి టేబులు మీద పరిచాను. నల్లబల్ల మీద మొదట ఉన్న వరుస పత్తిని ఆయనే పలచగా పరుచుకుంటూ పోయాడు. మూడు గోనె పోగులు, ఒక ఆకు ముక్క. తను ఇద్దరిని పంపేసిన చివరి వరుస పత్తిని పరిచాడు. ఏమీ లేదు. నమ్మలేక ఇంకో పిడికెడు తెప్పించాడు. అందులోనూ లేదు.

"అంటే నేను బాగా ఏరేవాళ్లనే పంపించినానా?" అన్నాడు నెమ్మదిగా.

"నిదానంగా ఏరేవాళ్లు తక్కువ పత్తి ఏరుతారు సారూ, అందుకే బుట్ట వెలితి," అన్నాను. ఆయన ఆ రోజే నల్లబల్ల దింపించాడు. ఇద్దరికీ కబురు పెట్టించాడు. ఒకామె వచ్చింది. మాధవరం ఆమె రాలేదు. పోయి అడిగితే, ఊరికి పోయిందని చెల్లెలు చెప్పింది. నేను రెండుసార్లు కబురు పంపాను. రాలేదు. ఆ బాధ నాకు అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. మధ్యాహ్నం చద్దిమూటలు విప్పే ముందు, ఒక వరుస పత్తిని ఇంకో వరుస వాళ్లు పిడికెడు తీసి నల్లగుడ్డ మీద పరిచి చూడాలి. ఏం దొరికిందో అందరికీ వినబడేట్టు చెప్పాలి. ఎవరి పేరూ ఎత్తకూడదు. వెంట్రుకలు దొరికిన రోజు అందరూ తలగుడ్డలు కట్టుకోవాలన్నారు. ఒకరోజు సాయంత్రం ఏరిన పత్తినీ పరిచి చూశాం; పొద్దువాలే వేళకు షెడ్డులో వెలుతురు చాలక తప్పులు ఎక్కువవుతున్నాయని తేలితే, మేనేజరును అడిగి పడమటి గోడకు రెండు కిటికీలు కొట్టించాం. ఆ సీజనులో ఇంకే బేలూ తిరిగి రాలేదు.

అయిపోయిందనుకున్నాను. మరుసటి ఏడు పత్తి దిగే వేళకు షెడ్డులోకి పోతే, సగం మంది కొత్తవాళ్లు. ఈతబుట్టల్లో ఎవరో పత్తి గింజలు మోస్తున్నారు. కొత్త హమాలి చేతిలో కొడవలి మెరుస్తోంది. "పోయిన ఏడే బాగు సేసుకున్నాము గదమ్మా," అన్నాడు మేనేజరు, పని ఒకసారి చేస్తే ఉండిపోతుందన్నట్టు. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. హమాలి పక్కన నిలబడ్డాను. కొత్తవాళ్లకు పక్కన పాతవాళ్లను కూర్చోబెట్టాను. నా బిడ్డకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పోలేకపోతే, నాలుగు రోజులూ ఎవరూ పిడికెడు తీసి చూడలేదు. వచ్చిన రోజు ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేదు. నేను రాని రోజు ఎవరు చూడాలో వరుసల వారీగా చెప్పి, వాళ్ల చేత ఒప్పించుకున్నాను. మూడో ఏడు నాకు పురుడు వచ్చి రెండు నెలలు పోలేదు. తిరిగి వచ్చేసరికి పని జరుగుతూనే ఉంది, కాకపోతే మధ్యాహ్నానికి బదులు పొద్దున్నే చూస్తున్నారు. "అప్పుడైతే కండ్లు అలిసిపోవు," అని అవ్వ చెప్పింది. నిజమే. నాకు ఆ ఆలోచన రాలేదు.

ఆ ఏడే, జిన్ను దాటి వచ్చిన దూదిని కూడా తెచ్చి పరిస్తే, అందులో చితికిన గింజ పెంకులు కనపడ్డాయి. అవి మా చేతిలోవి కావు, జిన్ను మిషన్లలో నలిగినవి. మిషన్ల షెడ్డులోకి ఆడవాళ్లు పోయేవాళ్లు కాదు. నేను పిడికెడు దూది తీసుకుని ఆ గుమ్మం దగ్గరికి పోయాను.

"ఈడ నీకేం పని?" అని ఫిట్టరు గద్దించాడు.

"నాకు మిషను సంగతి తెల్దన్నా. నువ్వే సూడు, ఇది ఏ జిన్నులో నలుగుతాందో." దూదిని అతని అరచేతిలో పెట్టాను.

అతను నన్ను పొమ్మన్నాడు. నేను పోలేదు. తర్వాత అతను దూదిని వెలుతురుకు పట్టి పెంకులను గోరుతో గిల్లి చూసి, "ఇది మూడోదాంట్లోనే," అని, ఆ జిన్నును తిప్పే పటకాను జార్చి మిషను ఆపి, గింజ నలిగేంత దగ్గరగా దాని కత్తి బిగించి ఉందేమో చూడడానికి వంగాడు.