మూడుల చివర ఒకటి

ఒక సంఖ్యను గుడ్డిగా నమ్మి, అత్తగారింటి గడప మీదే పరువును ముక్కలు చేసుకున్న కథ ఇది. భాగహారం చక్కగా కుదిరింది, శేషం కూడా మిగల్లేదు. అదొక్కటే తృప్తి.

కొత్తకోడలు మొగుడి పేరును పాటలా అల్లి చెబితేనే లోపలికి రావాలి. మరాఠీవాళ్ల ఈ ఉఖాణా నాందేడ్‌లోని మా తెలుగిళ్లకూ అంటుకుంది. అందరూ పూల మీదో పండ్ల మీదో చెబుతారు. నేను కర్ఖేలి బడిలో లెక్కల్లో మొదటిదాన్ని, పూలు నాకేం సరిపోతాయి?

31, 331, 3331. ఇలా ఏడు మూడుల దాకా అన్నీ ప్రధాన సంఖ్యలేనని మాస్టారు చెప్పారు. ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ వాటిని భాగించదు. ఏడు దాకా నిలిచింది ఎనిమిదిన ఎందుకు ఓడుతుందని మిగతాది నేనే తీర్మానించుకున్నాను. గొంతెత్తాను:

"మూడు మీద మూడు పెట్టు, చివర్ల ఒకటి కట్టు,
ఎవరు కోసినా తెగది, గంగారాంది నాది జట్టు!"

"గిదేం పిల్లరా, పేరు చెప్పుమంటే లెక్క చెప్తున్నది!" అన్నారు అత్తగారు.

"ఎన్ని మూడ్లు వదినె?" ఆడబిడ్డ లక్ష్మి అడిగింది.

"ఎన్నన్న పెట్టు."

"ఎనిమిది పెడ్త."

"పెట్టు. తెగితే నా పేరు మార్చుకుంట!"

మర్నాడు పొద్దున మా ఆయన వంటింటి గచ్చు మీద బొగ్గుతో భాగహారం చేసి పిలిచారు.

"ఏయ్, నీ ఎనిమిది మూడ్లు తెగినయ్."

"దేంతోని?"

"పదిహేడుతోని."

"మీరే తప్పు చేసిన్రు."

"నువ్వే చూడరాదు."

333333331. మళ్లీ మళ్లీ చేశాను. ప్రతిసారీ 19607843 వచ్చింది, శేషం సున్నా. తలుపు చాటున లక్ష్మి కిసుక్కున నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు పదిహేడు వదినె!

లక్ష్మి అటు పోగానే ఆయన గొంతు తగ్గించారు. "మనిద్దర్ని ఇడిశిపెట్టి ఇంట్ల మందిని లెక్కపెట్టు."

అత్తగారు, బావలు, తోడికోడళ్లు, పిల్లలు, ఆడబిడ్డలు... సరిగ్గా పదిహేడు.

"గింత మంది నడుమ ఒక్క మాట చెప్పనీకి నిన్నటి సంది చూస్తున్న."

"ఏం మాట?"

"నీ ఉఖాణా మస్తుగున్నది."

అంతలో ఎవరో చాయ్ అడుగుతూ వచ్చారు. తర్వాత జీవితమంతా అంతే. మేమిద్దరం కూర్చోగానే ఎవరో ఒకరు వచ్చేవారు, ఆయన "పదిహేడు" అని గొణిగేవారు, నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఇప్పుడు ఎవరి పొయ్యి వారిది. మధ్యాహ్నమంతా నడుమకు ఎవరూ రారు. మాట చెప్పే మనిషీ లేడు.

మొన్న హిమాయత్‌నగర్ పెళ్లిలో పిల్లలు పట్టుబట్టి మళ్లీ చెప్పించారు.

"ఎన్ని మూడ్లు అమ్మమ్మా?"

"ఏడే బిడ్డా. ఏడే!"

గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పరీక్షించకుండా ఇక ఒక్క మూడు కూడా పెంచను. పక్కగదిలోంచి ఆ గొంతు "పదిహేడు" అని గొణిగిందా, ఎనిమిదోది వెంటనే పెట్టేస్తాను.