నానమ్మ ఫోటో, ఊడని ఫిల్టర్

ఈ పొద్దున నా కెమెరా ఫిల్టర్ లెన్స్‌కు బిగుసుకుపోయి, ఎంత తిప్పినా ఊడలేదు. ఆ చికాకులో అరవైలనాటి మా తాండూరు ఇల్లు గుర్తొచ్చింది. అప్పట్లో ఫోటో దిగడమంటే ఎంత ముచ్చటో మీరూ మరిచిపోయి ఉండరు.

ఎన్నడూ ఫోటో దిగని నానమ్మ దోమ అనే పల్లె నుంచి వచ్చి, పట్టుచీర కట్టుకుని బండల అరుగు మీద కూర్చుంది. పొద్దు వాలుతోంది. తన కెమెరాకున్న పసుపు ఫిల్టర్ తీయకపోతే ఫోటో నల్లగా వస్తుందని చిన్నాయన దాంతో కుస్తీ పడుతున్నాడు. గుడ్డతో పట్టాడు, దారం చుట్టాడు. వేళ్లు ఎర్రబడ్డాయి గానీ అది కదల్లేదు.

"ఇంకెంతసేపురా? నడుం గుంజుతుంది" అంది నానమ్మ.

"జర కూసో అమ్మా, గిప్పుడే ఊడుతది!" అని చిన్నాయన కసిరాడు.

చివరికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పితే ఊడింది. అప్పటికే నానమ్మ లేచి, "నీ ఫోటో గీటో నాకొద్దు, పో!" అని చెయ్యి విసిరింది. చిన్నాయన సరిగ్గా అప్పుడే నొక్కాడు.

మాకు మిగిలిన ఆమె ఫోటో అదొక్కటే. అందులో నానమ్మ ఇప్పటికీ కొడుకును తిడుతూనే ఉంది.