అన్న పాదాన్ని పట్టుకున్నదెవరు?

దయ్యాన్ని చూశామని చెప్పే పిల్లలను క్లాసులో నిలబెట్టి, "ఎక్కడ చూశావు? ఎప్పుడు చూశావు? పక్కన ఎవరున్నారు?" అని అడిగే సైన్సు టీచర్ని నేను. జనగామలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ అవే ప్రశ్నలు నన్నెవరైనా అడిగితే మూడింటికీ జవాబు చెప్పగలను. "అదెవరు?" అని నాలుగో ప్రశ్న వేస్తేనే ఆగిపోతాను.

మా అన్న కొమురయ్య పాలకుర్తి దగ్గరి పల్లెలో తాళ్లు గీసి కల్లు దించేవాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి ఇంటికి వచ్చినవాడు మళ్లీ పుస్తకం ముట్టలేదు. చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నాయిన వెంట పోయాడు. నన్ను మాత్రం చదువు మానెయ్యనివ్వలేదు.

ఎనభైల మధ్యలో ఒక ఎండాకాలం అన్నకు కుడి పిక్కలో నొప్పి మొదలైంది. కొంచెం దూరం నడిస్తే పట్టేసేది, కూర్చుంటే తగ్గేది. ఒక చెట్టు దిగి ఇంకో చెట్టు దగ్గరికి పోవడానికి మధ్యలో ఆగేవాడు. ఆగినప్పుడల్లా ఒక బీడీ వెలిగించేవాడు. చలికాలం వచ్చేసరికి కూర్చున్నా నొప్పే. పాదం చల్లబడిపోయింది. బొటనవేలు నల్లబడింది. నిద్ర లేదు. కాలు మంచం కిందికి వేలాడేసి తెల్లవార్లూ కూర్చుంటున్నాడని వదిన చెప్పి ఏడ్చింది.

వరంగల్ దవాఖానలో డాక్టరు అన్న పాదం మీద, చీలమండ పక్కన వేళ్లు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. రక్తనాళాలు మూసుకుపోయాయని, కాలు తీసేయక తప్పకపోవచ్చని చెప్పాడు. ఎక్కడిదాకా తీయాలో తెలుసుకోవడానికి హైదరాబాదులోని ఒక పెద్దాసుపత్రిలో స్కాన్ చేయించమన్నాడు.

బస్సులో అన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. "చెట్టెక్కుడు తప్ప నాకేమొస్తది చెల్లె? కాలు లేకపోతే ఎట్ల బతకాలె?"

నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

స్కాన్ గది ఆసుపత్రి వెనక భాగంలో ఉంది. వేళ పదకొండో పన్నెండో. బయట మంచి ఎండ. వరండాలో నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. ఆ చివరిదాకా పోవడం, తిరిగి రావడం, ఇదే పని. అన్న భయపడుతున్నాడని, నేను సైన్సు టీచర్నని చెబితే, స్కాన్ చేసే డాక్టరు నన్ను లోపలికి రానిచ్చాడు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"చేతి నరంలోకి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తామమ్మా. అది రక్తంతో పాటు పోతుంది. రక్తం చేరినచోట ఈ తెర మీద చుక్కలు కనిపిస్తాయి. చేరనిచోట చీకటే. ఆ రెండూ కలిసే గీత చూసుకునే సర్జన్ కోస్తాడు," అన్నాడు.

అన్నను బల్ల మీద పడుకోబెట్టి, గుండ్రటి పెద్ద కెమెరాను కాళ్ల మీదికి దించారు. మందు ఎక్కించిన నర్సు చేతి తొడుగులు విప్పి పారేసి బయటికి వెళ్లిపోయింది. డాక్టరూ నేనూ అద్దం పలక వెనక తెర ముందున్నాం. బల్ల దగ్గర ఇంకెవరూ లేరు.

తెర మీద పచ్చటి చుక్కలు మొదలయ్యాయి. ఎడమ కాలు తొడ నుంచి వేళ్లదాకా నిండింది. కుడి కాలు మోకాలు దాటి, పిక్క సగంలో ఆగిపోయింది. దాని కింద చీకటి. ఆ గీత నాకూ అర్థమైంది.

అప్పుడే అన్న గట్టిగా అన్నాడు. "చెల్లె, నా కాలు ఇడిసిపెట్టుమను. ఎవలో పట్టుకున్నరు."

"కదలకండి. అక్కడెవరూ లేరు," అన్నాడు డాక్టరు.

"ఉన్నరు సారూ. గట్టిగ పట్టిండ్రు."

నేను అద్దంలోంచి చూశాను. బల్ల మీద తెల్లటి దుప్పటి, దాని మీద అన్న కాళ్లు. అంతే. తిరిగి తెర వైపు చూస్తే, చీకటిగా ఉన్నచోట, చీలమండ చుట్టూ కొన్ని చుక్కలు. చూస్తుండగానే అవి ఒత్తుగా అయ్యాయి. ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క పక్కపక్కనే నాలుగు చారలు. మీరేమనుకుంటారో నాకు తెలుసు. నేనూ అదే అనుకున్నాను, నోటితో అనలేదు.

డాక్టరు కెమెరా ఆపాడు. నర్సు తొడుగుకు అంటిన మందు చుక్క ఎక్కడో పాదానికి తగిలి ఉంటుంది, అలా జరుగుతూనే ఉంటుంది అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం కుదుటపడింది. పాదాన్ని సబ్బుతో కడిగించాడు. దుప్పటి మార్పించాడు. తుడిచిన గుడ్డ దగ్గర రేడియోధార్మికతను కొలిచే మీటరు పెడితే అది మామూలుగానే ఉంది. పాదం దగ్గర పెడితే చిటపటలాడింది.

మళ్లీ స్కాన్ మొదలుపెట్టాడు. చుక్కలు పోలేదు. అయితే ఇప్పుడు చీలమండ దగ్గర లేవు. కిందికి జరిగాయి. మడమ నుంచి అరికాలిదాకా, ఎవరో పాదాన్ని దోసిట్లో పెట్టుకున్నట్లు ఉన్నాయి.

"అంటిన మందైతే జరగదు," అన్నాడు డాక్టరు. నాతో కాదు, తనలో తాను.

"అన్నా, ఎట్లున్నది?" అని అడిగాను.

"ముందుగాల సల్లగుండె చెల్లె. ఇప్పుడు ఎచ్చగయితున్నది." మళ్లీ మెల్లగా అన్నాడు. "ఇడిసిపెట్టకుమను."

ఆ తర్వాత అన్న మాట్లాడలేదు. నేను భయపడి దగ్గరికి పరుగెత్తాను. నిద్రపోతున్నాడు. నెలల తరబడి కన్ను మూయని మనిషి, ఆ గట్టి బల్ల మీద నోరు తెరిచి గురక పెడుతున్నాడు.

కొన్ని రోజులాగి మళ్లీ స్కాన్ తీశారు. ఈసారి పిక్క కింద అంతా చీకటే. ఒక్క చుక్క లేదు. అన్న కూడా ఎవరూ పట్టుకోలేదన్నాడు. స్కాన్ ప్రకారం కాలు తీసేయాల్సిందే. కానీ సర్జన్ పాదం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. రెండో పాదం మీద కూడా వేసి చూశాడు. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.

"ఇది వెచ్చగా ఎట్లా ఉందండీ?" అని స్కాన్ డాక్టర్ని అడిగాడు.

"నాకూ తెలియడం లేదు," అన్నాడాయన.

కాలు తియ్యలేదు. నడుము దగ్గర నరానికి ఏదో ఆపరేషన్ చేశారు, నల్లబడ్డ బొటనవేలు తీసేశారు. బీడీ మాన్పించారు. వేలు తీసిన చోట పుండు మానింది. డిశ్చార్జి రోజు స్కాన్ డాక్టరు వరండాలో నన్ను ఆపి, "నిజం చెప్పండమ్మా, ఆ రోజు మీకేం కనిపించింది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన తల ఊపి, "నాకూ అంతే," అని వెళ్లిపోయాడు.

నరం ఆపరేషన్ వల్లే పాదం బతికిందని ఎవరైనా అనవచ్చు. కానీ పాదం వెచ్చబడింది ఆపరేషన్‌కు ముందే. చిన్న చిన్న నాళాలు తెరుచుకున్నాయంటే, కొన్ని రోజులాగి తీసిన స్కాన్‌లో చుక్కలేవి? నేను చదివినంత చదివాను, తెలిసినవాళ్లందరినీ అడిగాను. చెట్టు మీది నుంచి పడి చనిపోయిన మా నాయిన వచ్చి పట్టుకున్నాడని మమ్మల్ని కన్న అవ్వ అనేది. నేను ఒప్పుకోలేదు. "నాయిన చెయ్యి నాకెరుకలేదా? అది నాయిన చెయ్యి కాదు," అని అన్న కూడా ఒప్పుకోలేదు. మరి ఎవరిదంటే చెప్పలేకపోయేవాడు.

అన్న మళ్లీ చెట్టెక్కలేదు గానీ, చనిపోయేదాకా రెండు కాళ్ల మీదే నడిచాడు. ఒక చలికాలం నేను పల్లెకు పోయినప్పుడు పొద్దున లేచి చూస్తే, మెడదాకా గొంగడి కప్పుకుని, ఆ ఒక్క పాదం బయట పెట్టి పడుకున్నాడు. చలికి మళ్లీ ఏమవుతుందోనని గొంగడి లాగి కప్పబోయాను.

"ఉండనియ్యి చెల్లె," అన్నాడు కళ్లు తెరవకుండానే. "మల్ల పట్టుకుందమని వస్తే, దొరకాలె గద."

నేను గొంగడి వదిలేశాను. ఎందుకు వదిలేశానో కూడా నేను చెప్పలేను.